పైవరస చీటీలు

ఆ పుస్తకాల అట్టలు చూస్తేనే నాకు చీదర. నాలుగు పుస్తకాలు. నాలుగింటి మీదా ఒకే పిల్ల మనకు వీపు పెట్టి నిలబడి, జడ ఒక భుజం మీద వేసుకుని, ఎక్కడో మండుతున్న ఊరిని చూస్తూ ఉంటుంది. మూడో పుస్తకానికి జడ విప్పింది, అంతే తేడా. ఎవరో దాత మా హైస్కూలుకు అట్టపెట్టెల్లో పంపిన ఇంగ్లీషు పుస్తకాలలో ఇవి వచ్చాయి. పదమూడేళ్ళు దాటిన పిల్లల కోసం అని వెనక అచ్చువేశారు. మా బడిలో పదమూడు దాటిన పిల్లలెవరూ వాటి జోలికి పోలేదు, ఒక్కొక్కటి ఇటుకంత లావుంది మరి. లైబ్రరీ బీరువా తాళాలు కూడా నా కొంగుకే ఉన్నాయి కాబట్టి, నంబరు వేద్దామని మొదటి పుస్తకం తెరిచాను. నాకు యాభై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా ఇంగ్లీషు పాఠం చెబుతున్న మనిషిని. ఆ పూట నాలుగో పీరియడు గంట నాకు వినబడలేదు.

రోతపడుతూ చదవడంలో ఒక సుఖముంది. పుచ్చిపంటిని నాలుకతో పొడుచుకోవడం లాంటిది అది. పుస్తకంలో కథ ఇది: సముద్రం లోకాన్నంతా మింగేసింది. ఒక్క నగరం మాత్రం పెద్ద గోడ వెనక మిగిలింది. మంచినీళ్ళు కొలిచి పోస్తారు. తినడానికి బూడిదరంగు ముద్ద ఒకటి పెడతారు, అదేమిటో ఎవరూ చెప్పరు. పదిహేనేళ్ళు నిండిన ప్రతి పిల్లా, పిల్లవాడూ ఊరి నడుమ ఉన్న ఇనుప పెట్టెలో చెయ్యిపెట్టి ఒక చీటీ తియ్యాలి. అందులో ఏ పని రాసివుంటే బతికినన్నాళ్ళూ అదే పని. కాదన్నవాళ్ళను గోడ అవతలికి తోసేస్తారు. మన జడపిల్లకు మురుగు కాలవలు కడిగే పని వచ్చింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నడుముదాకా మురుగులో దిగిన ఆ పిల్ల, ఇద్దరు పిల్లగాళ్ళలో ఎవరి కళ్ళు ఎక్కువ లోతుగా ఉన్నాయా అని ఆలోచిస్తుంది! ఒకడివి పచ్చ కళ్ళు, ఒకడికి బుగ్గ మీద గాటు. చూసినప్పుడల్లా ఈమెకు ఊపిరి ఆగుతుంది. మొదటి పుస్తకంలోనే ముప్ఫై సార్లు ఆగి ఉంటుంది, ఆస్పత్రిలో చేర్చవలసిన కేసు. మా ఊళ్ళో రొయ్యల గుంటలు ఎండగట్టినప్పుడు అడుగున మిగిలే నల్ల బురదను ఈ రాసినావిడ చేత ఒక్కపూట తోడిస్తే, లోతైన కళ్ళ సంగతి తర్వాత, అసలు కళ్ళు తెరవడం ఎట్లాగో తెలిసేది. థూ అనుకుంటూనే పేజీ తిప్పాను. ప్రతి అధ్యాయం చివరా ఎవరో ఒకరు ఒక తలుపు తెరుస్తారు. ఆ తలుపులో నుంచి నేనూ దూరిపోయేదాన్ని.

స్టాఫ్‌రూములో లెక్కల సారు అట్ట చూసి నవ్వాడు. "ఏంది మేడమ్, టెన్త్ మళ్ళా కడతా ఉండారా?" అన్నాడు. ఆయన ఖాళీ పీరియడంతా ఫోనులో వంటల వీడియోలు చూసే మనిషి, ఆయన ఇంట్లో పొయ్యి ఎటువైపు ఉంటుందో ఆయనకే తెలియదు. "అవును సార్, ఈసారైనా లెక్కల్లో పాసవుదామని," అన్నాను. నవ్వు ఆపాడు.

ఈ కథను నేను ఒక్కదాన్నే మింగలేకపోయాను. సాయంత్రం అయిదింటికి మా వెనకింటామె నెత్తళ్ళ చేపల గిన్నె పట్టుకుని మా వరండాలోకి వస్తుంది. నాకన్నా పదిహేడేళ్ళు చిన్నది. మొగుడు ఇంకొకతెను చూసుకుని పోయాడు, పోయి చాలాకాలమైంది. మా చర్చే ఆమెకూ చర్చి. బైబిలు గడగడ చదువుతుంది, ఇంగ్లీషు రాదు. ఇద్దరం ఎదురెదురుగా పీటలు వేసుకుని చేపల తలలు తుంచుకుంటూ కూర్చోవడం మాకు ఏళ్ళుగా అలవాటు. మొదటిరోజు ఆ పుస్తకం చూసి, "ఏందక్కా అంత లావుంది, కొత్త వ్యాఖ్యానమా?" అంది. పాస్టరు గారి దగ్గర ఉండే బైబిలు వ్యాఖ్యానం అనుకుంది.

అక్కడినుంచి రోజూ నేను చదివినంత మేరా ఆమెకు తెలుగులో చెప్పడం. నేను తిట్టుకుంటూ చెప్పేదాన్ని. ఆ ముద్ద రోత, ఆ ముద్దులు రోత, ఆ మురుగులో ప్రేమలు రోత. ఆమె మాత్రం తలలు తుంచడం ఆపకుండా వినేది. ఒకరోజు, "మురుగు కడిగితే రోతేముందక్కా, పని గదా," అంది.

ఆ మాట ఆమె నోట విన్నది అదే మొదటిసారి కాదు. మా అమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడినప్పుడు, నేను బడికి పోతే చూసుకోవడానికి ఈమెనే పెట్టుకున్నాను. మొదటి వారంలోనే ఒక పొద్దున అమ్మకు విరేచనాలయ్యాయి. పక్క, దిండు, గోడ దాకా. కడుపున పుట్టినదాన్ని నేను కొంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆమె చీర దోపుకుని, బక్కెటు తెచ్చుకుని, అమ్మను పక్కకు తిప్పుతూ, "రోతేముందక్కా, మనిషి గదా," అంది. నాలుగేళ్ళు రోజుకు రెండుసార్లు, ఒక్కోరోజు నాలుగుసార్లు కడిగింది. ఆ గదిలోనే కూర్చుని అన్నం తినేది. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఆ నాలుగేళ్ళలో ఆమె ఒక్కసారి మొహం చిట్లించగా నేను చూడలేదు. నేను మాత్రం సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని, యూకలిప్టస్ నూనె రాసుకుని బడికి పోయేదాన్ని. అది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం.

ఇనుప పెట్టె సంగతి చెప్పినరోజు ఆమె చెయ్యి ఆగింది. "ఇదేందక్కా, మన వాగ్దానం కార్డుల మాదిరి ఉండాదే!" అంది.

"ఛ, దానికీ దీనికీ పోలికేందే?" అని కసిరాను. "అది రోత. ఇది ఆశీర్వాదం."

"నిజమేలే. మనకి దేవుడిస్తాడు," అని మళ్ళీ పనిలో పడింది.

మా చర్చీల సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కొత్త సంవత్సరం మొదటిరోజు పొద్దున ఆరాధన అయ్యాక అందరూ వరసగా వచ్చి ఒక కార్డు తీసుకుంటారు. అరచేతిలో సగముంటుంది, పువ్వుల బొమ్మ, దాని మీద ఒక వాక్యం. ఆ ఏడాదంతా దేవుడు నాకిచ్చిన వాగ్దానం ఇది అని దాన్ని అద్దానికి అంటిస్తారు, బీరువా తలుపుకు అంటిస్తారు, రొయ్యల గుంట మీద కాపలా గుడిసెలో కూడా చూశాను. వలల గురించి వాక్యం వచ్చిందని వరి మడి తవ్వి గుంట చేసినవాడు ఉన్నాడు. అప్పుల్లో మునిగిపోయాడు, అది వేరే సంగతి. ఆ వాక్యాన్ని తప్పుగా అర్థం చేసుకున్నానని తనను తిట్టుకున్నాడే కానీ కార్డును ఒక్క మాట అనలేదు.

తాటాకు బుట్టలో ఆ కార్డులు సర్దే పని మా నాన్నది, ఆయన తర్వాత నాది. బుట్ట మీద తెల్లగుడ్డ కప్పి, చెయ్యి పట్టేంత చీలిక పెడతాం. మొదటి ఏడు పాస్టరు గారు నెమ్మదిగా, "అమ్మా, కొంచెం చూసి వెయ్యండి," అన్నారు. చూడవలసిన అవసరం ఉంది కూడా. నీళ్ళలో నడిచేటప్పుడు తోడుంటాననే వాక్యం ఎవరికైనా వచ్చిందా, ఆ ఇల్లంతా ఆ ఏడు తుపానుకు ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మరణం అనే మాట ఉన్న కార్డు వస్తే అది ఎంత ఆదరణ చెప్పే వాక్యమైనా సరే, ముసలివాళ్ళకు జ్వరమొస్తుంది. అందుకని అటువంటివి అడుగువరసలో వేసి, సంతోషపెట్టేవి పైవరసలో వేసేదాన్ని. అడుగుదాకా చెయ్యిపెట్టేది ఆశపోతులే. వాళ్ళకు కొంచెం భయం ఉంటే మంచిదేననిపించేది.

తర్వాత తర్వాత చెయ్యి తిరిగింది. ఎవరు ఏ బెంచీలో కూర్చుంటారో, వరసలో ఎవరి వెనక ఎవరు వస్తారో నాకు తెలుసు. పరీక్షలకు పోయే పిల్లలు వచ్చేటప్పుడు జ్ఞానం గురించినవి పైకి వచ్చేవి. అత్తాకోడళ్ళు కొట్టుకుంటున్న ఇంటివాళ్ళకు సమాధానం గురించినవి. గుడ్డ సవరించినట్టు చేస్తే చాలు. వాళ్ళు చదువుకుని కళ్ళు తుడుచుకుంటూ ఉంటే, నాకు లోపల గర్వంగా ఉండేది. ఇప్పుడు రాస్తుంటే ఒళ్ళు జలదరిస్తోంది, అప్పుడు మాత్రం హాయిగా ఉండేది.

మళ్ళీ పుస్తకం దగ్గరికి వస్తాను. ఆ ఇనుప పెట్టె పక్కన ఒక పెద్దామె కూర్చుంటుంది. వెండిజుట్టు, మెత్తటి గొంతు. చీటీ తీసిన ప్రతి పిల్ల చెంపా నిమిరి పంపుతుంది. ఆ మొత్తం పుస్తకంలో నాకు రోత కలగని మనిషి ఆవిడ ఒక్కతే. ఆమెను గురించి నేను ఎంత ప్రేమగా చెప్పి ఉంటానో, మా వెనకింటామె, "నీ మాదిరే ఉండాదక్కా ఆ పెద్దామె," అంది. నేను మురిసిపోయాను. ఆ సాయంత్రం ఆమెకు రెండోసారి టీ పెట్టి ఇచ్చాను.

రెండో పుస్తకం సగానికి వచ్చింది ఒక ఆదివారం మధ్యాహ్నం. జడపిల్ల పెట్టె ఉన్న గదిలోకి దొంగతనంగా దూరింది. పెట్టెకు లోపల రెండు అరలు. ఎవరికి ఏ చీటీ అందాలో ఆ చీటీని పై అరలోకి జరిపే మీట ఒకటి, పెద్దామె మోకాలి దగ్గర. పిల్లకు రావలసిన చీటీ దీపస్తంభం మీద పని. ఆ చీటీ ఇంకా అడుగు అరలోనే ఉంది, అంచులు పసుపెక్కి. వెనకనుంచి పెద్దామె వచ్చింది. అదే మెత్తటి గొంతుతో, నీ మీద ప్రేమకొద్దీ చేశానంది. కాలవలు నమ్మకంగా కడిగే మనిషి ఊరికి కావాలి, నీ అంత మంచిపిల్ల నాకు దొరకలేదు, నువ్వు దీపస్తంభం ఎక్కితే ఇక్కడ మాకెవరున్నారు అంది.

నేను పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. అరుగు మీద పడుకున్న పిల్లి లేచి పారిపోయింది. "ఒసే ముసలిదానా, దేవుడి పేరు పెట్టి నీ ఇంటి మురుగు కడిగించుకుంటావంటే!" అని పైకే అన్నాను. పుస్తకంలో దేవుడి పేరు ఎక్కడా లేదు. ఆ మాట నా నోట్లో నుంచే వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని.

అమ్మ మంచాన పడిన ఏడాదే నెల్లూరులో ఒక ఆస్పత్రివాళ్ళు, చదువు తక్కువున్న ఆడవాళ్ళకు ఏడాదిపాటు రోగులను చూసుకునే పని నేర్పి ఉద్యోగం ఇస్తామని మా చర్చికి కబురు పంపారు. ముప్ఫై అయిదు దాటకూడదు. మా వెనకింటామెకు అప్పుడు ముప్ఫై నాలుగు. ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుని తిరిగింది. తెల్లబట్టలు ఇస్తారంట అక్కా, బ్యాడ్జీ మీద మన పేరు ఉంటాదంట అని రోజూ చెప్పేది. వెళ్ళమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వద్దని చెప్పే ధైర్యమూ లేదు. డిసెంబరులో ఒకరోజు అమ్మకు తల దువ్వుతూ ఆమె అంది. "కొత్త సంవత్సరం కార్డులో దేవుడు ఏం చెప్తే అదే చేస్తానక్కా. పొమ్మంటే పోతా, ఉండమంటే ఉంటా."

కార్డులు పొట్లాలుగా వస్తాయి, ఒక్కో పొట్లంలో ఒక్కో వాక్యం ఒక్కసారే ఉంటుంది. ఉన్న నేలలోనే కాపురం ఉండమని, అక్కడే మేలు కలుగుతుందని చెప్పే వాక్యం ఒకటుంది. ఆరు పొట్లాలు విప్పి ఆరు కార్డులు ఏరాను. ఆమె వరసలో ఎప్పుడూ ఆఖరున వస్తుంది. మా అమ్మను కడిగి, బట్టలు మార్చి, గంజి తాగించి వచ్చేసరికి ఆరాధన సగం అయిపోతుంది కాబట్టి. ఆ పొద్దునా అంతే. ఆమె ముందు మనిషి తీసుకుని వెళ్ళగానే మిగిలిన కార్డులన్నీ నా ఒళ్ళోని పాటల పుస్తకంలోకి తోసి, ఆ ఆరే బుట్టలో ఉంచాను. ఆమె కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ చెయ్యిపెట్టింది. తీసి చదివింది. మళ్ళీ చదివింది. "ఉండమన్నాడక్కా," అంది.

"దేవుడి చిత్తం," అన్నాను నేను.

అమ్మ విరేచనాల కన్నా, గుంటల బురద కన్నా, ఆ బూడిదరంగు ముద్ద కన్నా నాకు రోత పుట్టించేవి ఆ రెండు మాటలు. అన్నప్పుడు పుట్టలేదు. ఇన్నేళ్ళకు, ఒక పిల్లల పుస్తకం చదివాక పుట్టింది.

మర్నాడు సాయంత్రం ఆమె పీట వేసుకుని, "ఆ పిల్ల గదిలోకి పోయింది గదా, ఏమైంది?" అంది. కళ్ళద్దాలు పగిలాయి, చదవలేదని చెప్పాను. చెప్పాక తెలిసింది ఎంత తెలివితక్కువ అబద్ధమో. ఆమె ఎదుట పరీక్ష పేపర్లు దిద్దడానికి లేదు, ఫోను చూడటానికి లేదు. చేపల్లో ముళ్ళు కూడా తడుముకుంటూ తీశాను. మూడోరోజుకు ఆమె, "ఇట్టా ఇయ్యక్కా, రేపు కావలికి పోతా ఉండా, బాగుచేయించుకొస్తా," అంది. బాగున్న కళ్ళద్దాలను నేను బీరువాలో చీరల కింద దాచి, ఎక్కడ పెట్టానో కనబడటం లేదన్నాను. తేలు కుట్టిన దొంగకు కూడా ఇంతకంటే మంచి అబద్ధం తోచి ఉండేది.

వారం తర్వాత ఆమె కార్డుల పొట్లాలు తెచ్చింది. పాస్టరు గారు పంపారు. పొట్లాలు నా ఒళ్ళో పెట్టి, ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని నెత్తళ్ళు గిన్నెలో పోసుకుంది. "ఈసారి నాకేం వస్తాదో," అంది. అని తనే మళ్ళీ, "ఏమొచ్చినా మంచిదేలే అక్కా. ఆ ఏడు ఉండమన్నాడు, ఉన్నా. అమ్మను చూసుకునే భాగ్యం ఇచ్చినాడు. ఆ కార్డు ఇంకా నా బైబిల్లోనే ఉండాది," అంది.

చెబితే ఆమెకు మిగిలిన ఆ ఒక్క నెమ్మదీ పోతుంది. ఈ సంగతి నాకు తెలుసు. చెప్పకపోవడానికి అంతకన్నా పెద్ద కారణం ఏం కావాలి? ఆమె మంచికే నోరు మూసుకుంటున్నానని అనుకోబోయాను. ఆ మాట ఎక్కడిదో గుర్తొచ్చింది. పెద్దామె మాట అది. మెత్తటి గొంతు కూడా అదే.

అంతలో ఆమే అడిగింది. "ఆ పెట్టెలో చీటీలు ఎవరు వేస్తారక్కా? మన బుట్టలో నువ్వేస్తా ఉండావు గదా, అట్నే ఆ పెద్దామె వేస్తాదా?"

"ఆమే వేస్తుంది," అన్నాను.

"కలిపేసి వేస్తాదా?"

"లేదు. ఎవరికి ఏం రావాలో చూసి వేస్తుంది."

"అబ్బ! దొంగముండ," అంది నవ్వుతూ. ఒక చేప తల తుంచింది. తుంచి నావైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. "నువ్వు?" అంది.

"నేనూ అంతే."

"అందరికీనా?"

"కొందరికి."

"నాకు?"

"నీకు కూడా."

"ఏ ఏడు?" అంది. గొంతు ఏమీ మారలేదు.

"ఆ ఏడే."

ఆరు పొట్లాల సంగతీ, పాటల పుస్తకం సంగతీ చెప్పాను. అమ్మ కోసం చేశానని అనబోయి, నా కోసమే చేశానని చెప్పాను. ఆ కాస్తా దాచుకోకుండా చెప్పగలిగాను. ఆమె వింటూ మిగిలిన చేపల తలలన్నీ తుంచింది. పని సగంలో వదిలే మనిషి కాదు. నా వాటా నా గిన్నెలో వేసింది, తన వాటా తన గిన్నెలో వేసుకుంది. కుళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. సబ్బు రుద్ది మళ్ళీ కడుక్కుంది. మూడోసారి రుద్దుతున్నప్పుడు నేను లేచి నిలబడ్డాను.

"కోపంగా ఉందా?" అని అడిగాను. ఎంత వెర్రి ప్రశ్న.

"కోపం లేదక్కా," అంది నావైపు తిరగకుండానే. "రోతగా ఉండాది."

నాలుగేళ్ళు మా అమ్మ మలమూత్రాలెత్తిన మనిషి ఆమె. ఒక్కరోజు కూడా ఆ మాట ఆమె నోట రాలేదు. గిన్నె చంకన పెట్టుకుని, పెరటి దారిన కాకుండా వీధి గేటు వైపు నుంచి చుట్టూ తిరిగి పోయింది. పొట్లాలు నా పీట పక్కనే ఉన్నాయి.

ఆ పొట్లాలు విప్పకుండానే పాస్టరు గారికి తిరిగి ఇచ్చేసి, ఇక బుట్ట పట్టుకోనని చెప్పాను. మోకాళ్ళ నొప్పులా అమ్మా అన్నారాయన. కాదు, చేతులు మంచివి కావన్నాను. ఆయనకు అర్థం కాలేదు, ప్రార్థన చేసి పంపారు. కొత్త సంవత్సరం పొద్దున వేరేవాళ్ళు పొట్లాలన్నీ బుట్టలో కుమ్మరించి కలిపేశారు. ఒక ముసలాయనకు నీళ్ళ వాక్యం వచ్చి అప్పుడే దగ్గడం మొదలుపెట్టాడు. ఆమె ఈసారి ఆఖరున రాలేదు. కడగవలసిన మనిషెవరూ లేరు గదా, ముందే వచ్చి రెండో బెంచీలో కూర్చుంది. వరస కదిలినప్పుడు మాత్రం లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

సెలవుల్లో మూడో, నాలుగో పుస్తకాలు కూడా పూర్తిచేశాను. ఇంత జరిగినా చదివావా అని ఎవరైనా అడిగితే, చదివాను. ఆత్రంగా చదివాను. అన్నం దగ్గర కూడా వదల్లేదు. పచ్చకళ్ళవాడు చచ్చిపోయాడు, గాటువాడు మిగిలాడు, ఊపిరి ఇంకో అరవైసార్లు ఆగింది. అవన్నీ దాటేసుకుంటూ నేను వెతికింది ఒక్కటే. పెద్దామెను ఏం చేస్తారు? గోడ కూలింది, పెట్టె సముద్రంలో పడేశారు. ఆఖరి అధ్యాయంలో పెద్దామె కర్ర పట్టుకుని దీపస్తంభం మెట్లన్నీ ఎక్కి ఆ పిల్ల దగ్గరికి వచ్చింది. పిల్ల ఆమెకు కుర్చీ వేసింది, తాగడానికి నీళ్ళిచ్చింది. క్షమించలేదు. నీళ్ళు తాగాక మెట్లు దిగిపొమ్మంది. పిల్లల పుస్తకంలో ఇదేం ముగింపు అని రాసినావిడ మీద నాకు ఒళ్ళుమండింది. ముప్ఫై ఏళ్ళుగా ఆదివారం బడిలో డెబ్భై ఏళ్ళ మార్లు, అంటే లెక్కపెట్టకుండా, క్షమించాలని పిల్లలచేత వల్లెవేయించిన నోరు నాది. ఆ పేజీ మూడుసార్లు చదివాను, ఎక్కడైనా ఒక మెత్తటి మాట దొరుకుతుందేమోనని.

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారంలో ఒక సాయంత్రం ఆమె మా వీధి గేటు దగ్గర నిలబడింది. చేతిలో గిన్నె లేదు. నేను వరండాలో లేచి నిలబడ్డాను. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆ పుస్తకం అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

"ఆ పెద్దామెని ఆ పిల్ల ఏం చేసినాది?"

ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆ పుస్తకం ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరూ చదవలేదు, ఇక చదవబోరు కూడా. క్షమించిందని ఒక్క మాట అంటే అదే ఆమెకు ముగింపు అయిపోతుంది. కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది అని అంతటితో ఆపినా చాలు, మిగతాది ఆమె మంచితనమే పూరించుకుంటుంది. ఏ మాట పైన ఉంచాలో, ఏది అడుగున వెయ్యాలో నా నాలుకకు అప్పటికే తెలిసిపోయింది. ఇన్నేళ్ళ అలవాటు. గేటు కమ్మీ మీద ఆమె చెయ్యి చూస్తూ నిలబడ్డాను.

"కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది," అన్నాను. "క్షమించలేదు. వెళ్ళిపొమ్మంది."



"అయితే మంచి పుస్తకమే," అని గేటు మీద నుంచి చెయ్యి తీసి వెళ్ళిపోయింది. అక్కా అనలేదు.